అడుగు

కళ్ళ డాక్టరు చీటీ మీద మందు రాయలేదు.
"దగ్గర చూసింది చాలమ్మా,
రోజూ కాసేపు దూరం చూడు" అన్నాడు.
ఇరవై రెండేళ్ళుగా క్రోషా సూది కొక్కెం దగ్గరే
కట్టేసి ఉంది నా చూపు.
లేసు అల్లేవాళ్ళకి దూరమంటే
బల్లగుడ్డ అవతలి అంచు.

అలా మొదలైంది నడక,
నర్సాపురం కాలవగట్టు మీద
చర్చి గంట ఆరు కొట్టాక.
నేనూ, దావీదూ, కెజియా, ఏలియా,
పిలవకపోయినా వెంటొచ్చే మూడుకాళ్ళ కుక్కా.

దూరంలో ఏం చూడాలో తెలీలేదు మొదట్లో.
గుర్రపుడెక్క కప్పేసిన నీళ్ళు,
దాని మీద తడవకుండా నడిచే నీటికోడి,
ఆవలి గట్టున ఎవరో ఆరేసిన నీలం చీర.
"చీర కాదమ్మా, ఎండుచేపల మీద కప్పిన పట్టా"
అని కెజియ నవ్వు.
నవ్వితే నవ్వింది గానీ
ఆ పూట నా చెయ్యి పట్టుకుని నడిచింది.

దావీదు ఎప్పుడూ నాలుగడుగులు ముందుంటాడు,
చేతులు వెనక కట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ.
రొయ్యల చెరువు గట్ల మీద నేర్చుకున్న నడక అది,
రోడ్డు మీద కూడా పోదు.

లాకుల దగ్గర వెంకాయమ్మ పాక.
ఇత్తడి గిన్నె కింద కొబ్బరిడొక్కల నిప్పు,
మూత మీద ఇంకాస్త నిప్పు.
రెంటి మధ్యా ఏ తొందరా లేకుండా
పొంగుతూ ఉంటుంది మినపరొట్టె.
"ఎంతసేపు పిన్నీ?" అంటే
"తొందరుంటే ఇడ్లీ తినండి, ఎదురుగా ఉంది కొట్టు."

కూచుంటాం రాతిమెట్ల మీద.
ఇంట్లో అడిగితే "ఏం లేదు" అనే పిల్లలు
ఇక్కడ అడక్కుండానే చెబుతారు,
సామాన్యశాస్త్రంలో పదకొండు వచ్చిన సంగతి,
బల్లి తోక తెగాక కూడా ఎంతసేపు ఆడిందో.
నేను వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకుంటాను.

ఒక్క రొట్టె, నాలుగు అరిటాకు ముక్కలు,
పైన చెరుకు పానకం.
మెత్తటి భాగానికి లెక్కుంది.
అడుగుకి లేదు.
నల్లబడీ నల్లబడని ఆ మాడు చెక్క
పంచబోతే పొడైపోతుంది,
ఎవరో ఒకరికే ఇవ్వాలి.
ఆ రోజు ఎవరికి బాగోలేదో వాళ్ళది.
ఇలా అని ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు.
ఏజెంటు నలభై లేసు ముక్కలు
మరకలున్నాయని తిప్పి పంపిన రోజు నాకొచ్చింది.
కబడ్డీ జట్టులోంచి తీసేసిన రోజు కెజియకి.
ఏలియా మాత్రం ఊడిన ఒక్క పంటికి
మూడు రోజులు వరసగా ఏడ్చి
మూడు అడుగులు తిన్నాడు, దొంగ.

ఆషాఢంలో చెరువుకి తెల్లమచ్చ తగిలింది.
రాత్రి రెండింటికి వెళ్ళినవాడు
తెల్లారి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు, అంతే.
ఏరేటర్లు ఆపేశారని పక్కచెరువు వాళ్ళు చెబితే తెలిసింది.
సాయంత్రం గంట కొట్టగానే
"పదండి, నడుద్దాం" అన్నాడు.

ఆ రోజూ రొట్టె తనే కోశాడు.
అడుగు చేత్తో పట్టుకుని
మా ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు.
ఏలియా ఆకులో పెట్టాడు.

వాడు తినలేదు.
అచ్చం వాళ్ళ నాన్న నీళ్ళని చూసినట్టు
నాన్నని చూశాడు కాసేపు.
లేచి వెళ్ళి ఆ ఆకులో పెట్టేసి
"ఇది నీది" అన్నాడు.

వెంకాయమ్మ చేతిలో గరిటె
పానకం గిన్నె మీదే ఆగింది.
కుక్క కూడా తోక ఊపలేదు.
చాలాసేపటికి
కరకరమని చప్పుడు.

నేను చూడలేదు.
డాక్టరు చెప్పినట్టే
దూరం చూస్తూ కూచున్నాను,
లాకుల అవతల
పడవ దీపం ఒకటి
రెండుగా, మూడుగా అయ్యేదాకా.

ఆ పూట వెంకాయమ్మ డబ్బులు వద్దందనుకునేరు.
తీసుకుంది, లెక్కపెట్టి మరీ.
పది రూపాయలు తగ్గితే
"రేపు వస్తారుగా, రేపే ఇవ్వండి" అంది.